పాత ఫోను మూలన పడేయకండి.. చిన్న పిన్ను కలిపితే పనిముట్టే!

మిర్చి ఏరే రోజుల్లో ఫోను జేబులోంచి జారి కల్లంలో రాయి మీద పడుతుంది. అద్దం పగులుతుంది. తెర వెలుగుతుంది గానీ వేలితో ఎంత ముట్టినా కదలదు. విత్తనాల ప్యాకెట్టు ఫొటో, దుకాణం బిల్లు, పట్టాదారు పాసుపుస్తకం, వానకు పడిపోయిన చేను ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. "ఇగ పాయె, కాయితాలన్నీ అండ్లనే ఉండె" అని తల పట్టుకుని కూర్చుంటాం. అద్దం మార్పిస్తే ఫోను విలువకు మించి ఖర్చయ్యేలా ఉంటుంది. చివరికి ఆ ఫోను అటక మీదికో, పిల్లల ఆటకో పోతుంది.

నిజానికి ఇలాంటి ఫోన్లలో చాలావాటి నుంచి ఫొటోలను సులువుగా బయటికి తీయవచ్చు. అందుకు కావలసింది ఒక ఓటీజీ పిన్ను, కంప్యూటరుకు వాడే మామూలు మౌస్. ఓటీజీ పిన్ను సాధారణంగా వంద రూపాయల లోపే దొరుకుతుంది. మౌస్‌ను ఎవరినైనా అడిగి కాసేపు తెచ్చుకోవచ్చు. ఫోనుకు చార్జింగ్ పెట్టే రంధ్రం కరెంటు ఎక్కించడానికి మాత్రమే కాదు. దాని ద్వారా పెన్‌డ్రైవ్, మౌస్, చిప్పు రీడరు, చిన్న కెమెరా వంటివి కూడా కలపవచ్చు. అయితే అన్ని ఫోన్లూ ఒప్పుకోవు. డబ్బు పెట్టేముందు ఏం చూడాలి, ఏది పనిచేస్తుంది, ఏది చేయదు అన్నది ఈ వారం పాఠం.

ముందు పిన్ను రకం గుర్తించండి

ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రధానంగా రెండు రకాల రంధ్రాలుంటాయి. మొదటిది మైక్రో యూఎస్‌బీ. పాత ఫోన్లలో ఎక్కువగా ఉండేది ఇదే. దీని ఒక అంచు వెడల్పుగా, రెండో అంచు కాస్త ఇరుకుగా ఉంటుంది. అందుకే పిన్ను ఒక వైపు నుంచే ఎక్కుతుంది, తిరగేస్తే ఎక్కదు. రెండోది టైప్-సి. కోడిగుడ్డు ఆకారంలో ఉండి ఎటు తిప్పి పెట్టినా ఎక్కుతుంది. కొత్త ఫోన్లన్నీ ఇప్పుడు దాదాపు ఇదే రకం. యూరప్ దేశాల్లో 2024 డిసెంబరు 28 నుంచి అమ్మే కొత్త ఫోన్లకు దీన్ని తప్పనిసరి చేశారు.

ఓటీజీ పిన్ను కొనేటప్పుడు మీ ఫోనుకు సరిపోయే రకమే అడిగి తీసుకోవాలి. ఫోను వెంట తీసుకెళ్తే పొరపాటు జరగదు. మైక్రో పిన్నును బలవంతంగా తిరగేసి నెడితే లోపలి సన్నని నాలుక విరుగుతుంది. అది విరిగితే చార్జింగూ ఉండదు.

ఓటీజీ చేసే పని ఏమిటి?

కంప్యూటరుకు ఫోను కలిపితే కంప్యూటరు యజమాని, ఫోను పనివాడు. పెన్‌డ్రైవ్ కూడా పనివాడే. ఇద్దరు పనివాళ్లను కలిపితే ఏ పనీ జరగదు, ఒకరు యజమాని కావాలి. ఫోనును యజమానిగా మార్చేదే ఓటీజీ పిన్ను.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మోసపోం. మైక్రో పిన్నులో ఐదు సన్నని తీగలుంటాయి. రెండు కరెంటుకు, రెండు సమాచారానికి, ఐదోది గుర్తు కోసం. మామూలు చార్జింగ్ వైరులో ఈ గుర్తు తీగ ఖాళీగా ఉంటుంది. ఓటీజీ పిన్నులో దాన్ని కరెంటు తీగల్లోని నెగెటివ్‌కు కలిపి ఉంచుతారు. అది చూడగానే "ఇప్పుడు నేను యజమానిని" అని ఫోనుకు తెలిసిపోతుంది. పెన్‌డ్రైవ్‌కు కరెంటు కూడా తనే ఇస్తుంది. అందుకే చార్జింగ్ వైరు కొసకు ఏదో జాయింటు తగిలించి పెన్‌డ్రైవ్ పెడితే మైక్రో పిన్ను ఫోను గుర్తుపట్టదు. చూడటానికి ఒకేలా ఉన్నా లోపలి తీగ వేరు.

ఆండ్రాయిడ్‌లో ఈ సౌకర్యం 2011లో 3.1 రకంతో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఫోన్లన్నీ పనిచేస్తాయనుకోవడం మాత్రం పొరపాటు. తయారీదారు లోపల తగిన ఏర్పాటు చేసి ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో కొన్నింటికి అది ఉండదు. అలాంటి ఫోనుకు ఎంత ఖరీదైన పిన్ను పెట్టినా ఫలితం లేదు.

కొనేముందు పరీక్ష

1. ఫోనులో కనీసం సగం చార్జింగ్ ఉండాలి. ఓటీజీ పెట్టినప్పుడు రంధ్రం నిండిపోతుంది, చార్జింగ్ పెట్టడానికి చోటుండదు.

2. దుకాణంలోనే, మీ ముందే ఓటీజీ పిన్నుకు మౌస్ కలిపి ఫోనుకు పెట్టించండి. తెర మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తే మీ ఫోను ఒప్పుకున్నట్లే.

3. బాణం రాకపోతే వెంటనే నిరాశ పడకండి. ఒప్పో, వివో, వన్‌ప్లస్ వంటి ఫోన్లలో కొన్నింటికి సెట్టింగుల్లో ఓటీజీ అనే మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేయాలి. కొన్నింటిలో కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతుంది. మళ్లీ ఆన్ చేసుకోవాలి.

4. అయినా రాకపోతే రెండో పిన్ను, రెండో మౌస్ పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ ఫోనుకు ఆ సౌకర్యం లేకపోవచ్చు, లేదా రంధ్రం పాడై ఉండవచ్చు. పిన్ను కొనకండి.

అద్దం పగిలిన ఫోనులోంచి ఫొటోలు తీయడం

తెర వెలుగుతూ, ముడితే మాత్రం పనిచేయని ఫోనుకు మౌస్ కలపండి. బాణం కదులుతుంది. మౌస్ ఎడమ మీట నొక్కితే వేలితో ముట్టినట్లే. మీట నొక్కి పట్టుకుని లాగితే వేలితో జరిపినట్లే. తాళం గీత కూడా ఇలాగే గీయవచ్చు.

తాళం తీశాక ఫొటోలను పంపించే దారి చూడాలి. ఇంటర్నెట్ ఉంటే వాట్సాప్‌లో ఇంట్లో మరొకరికి పంపవచ్చు. అయితే ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత ఫోన్లలో ఇప్పుడు వాట్సాప్ పనిచేయదు. అప్పుడు బ్లూటూత్ ఉపయోగపడుతుంది. ఫోనులో మెమరీ చిప్పు ఉంటే ఫొటోలను చిప్పులోకి మార్చి, ఫోను ఆపి, చిప్పు తీసుకోవచ్చు. మౌస్‌నూ పెన్‌డ్రైవ్‌నూ ఒకేసారి పెట్టాలంటే రెండు మూడు రంధ్రాలున్న యూఎస్‌బీ హబ్ కావాలి.

తెర పూర్తిగా నల్లబడిపోతే మౌస్ పెట్టినా ఏం జరుగుతున్నదో కనబడదు. అలాంటప్పుడు చిప్పు తీసి చూసుకోవాలి. చిప్పులో లేకపోతే మరమ్మతు దుకాణానికి వెళ్లక తప్పదు.

మంచిగున్న ఫోను నుంచి పెన్‌డ్రైవ్‌లోకి

ఫోను పగిలేదాకా ఆగడం ఎందుకు? విత్తనాలు కొన్న వారంలోనే కాగితాల ఫొటోలు రెండో చోట దాచుకోవాలి. మొలక రాకపోయినా, కాపు తేడా వచ్చినా ఫిర్యాదు చేయాలంటే బిల్లు, ప్యాకెట్టు, దాని మీది లాట్ నంబరు ముఖ్యం. అసలు బిల్లును, ఖాళీ ప్యాకెట్టును పంట అయిపోయేదాకా దాచాలి. ఫొటో వాటికి తోడు మాత్రమే.

• ఓటీజీ పిన్నుకు పెన్‌డ్రైవ్ పెట్టి ఫోనుకు కలపండి. పైన గుర్తు వస్తుంది.

• ఫైల్ మేనేజరు తెరవండి. కెమెరాతో తీసిన ఫొటోలు డీసీఐఎం అనే సంచిలో, దాని లోపలి కెమెరా సంచిలో ఉంటాయి. పాత ఫోన్లలో వాట్సాప్ ఫొటోలు వాట్సాప్ పేరున్న సంచిలో, మీడియా లోపల ఉంటాయి.

• ఒక ఫొటో మీద వేలు కాసేపు నొక్కి పట్టండి. గుర్తు పడుతుంది. కావలసినవన్నీ గుర్తు పెట్టి కాపీ అనండి. పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్ అనండి. మొదటిసారే "మూవ్" అనకండి. మధ్యలో పిన్ను ఊడితే రెండు చోట్లా పోయే ప్రమాదం ఉంది.

• పెన్‌డ్రైవ్‌లో రెండు మూడు ఫొటోలు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే ఫోనులోంచి తీసేయండి.

• చివరగా "ఎజెక్ట్" నొక్కి, ఆ తర్వాతే పిన్ను లాగండి.

పెన్‌డ్రైవ్ పెట్టగానే కొన్ని ఫోన్లు "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతాయి. అందులో మీ సమాచారం ఉంటే ఒప్పుకోకండి. ఫార్మాట్ అంటే పొలం దున్నేసినట్లే, ఉన్నదంతా పోతుంది. పాత ఫోన్లు ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌ను బాగా చదువుతాయి. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఉన్నదాన్ని చాలా ఫోన్లు చదవలేవు. ఖాళీ పెన్‌డ్రైవ్ అయితే కంప్యూటరు ఉన్నచోట ఫ్యాట్32గా మార్పించుకోండి. ఈ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఫొటోలకు ఈ పరిమితితో ఇబ్బందే లేదు.

ముడతను చూసి మందు కొనడానికి భూతద్దం

మన వరంగల్ ప్రాంత మిర్చి రైతుకు పాత ఫోను నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిర్చి పూతను ఎలా రాల్చిందో రైతులు మరిచిపోలేదు. మనం ఏళ్లుగా చూస్తున్న తామర పురుగు ఎక్కువగా లేత ఆకులను గీకి రసం పీల్చేది. ఈ కొత్త రకం పూలలో గుంపులుగా చేరింది. మందు మీద మందు కొట్టి అప్పుల పాలైనవారున్నారు. పురుగు ఏదో తేలకుండా కొట్టిన మందు డబ్బా నేల మీద పోసినట్లే.

ఆకు ముడుచుకుంటే ముందుగా గమనించాల్సింది ముడత తీరు. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా కనిపిస్తే పై ముడత, అది తామర పురుగు పని. అంచులు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉండి ఆకు కాడలు సాగితే కింది ముడత, అది నల్లి పని. తామర పురుగు మందు వేరు, నల్లి మందు వేరు. ఇక జెమిని వైరస్ సోకిన మొక్కకు ఏ మందూ నయం చేయదు. దాన్ని వ్యాపింపజేసే తెల్లదోమను అదుపు చేయాలి. ఒక్కోసారి ఇవన్నీ ఒకే మొక్క మీద కలిసి ఉంటాయి. అప్పుడు కంటితో తేల్చడం కష్టం.

ఇందుకు రెండు రకాల సాధనాలున్నాయి. ఒకటి ఫోను కెమెరా మీద పట్టుకునే క్లిప్పు భూతద్దం, దీన్నే మాక్రో లెన్స్ అంటారు. దీనికి పిన్ను అక్కర్లేదు, ఓటీజీ లేని ఫోనుకైనా పనికొస్తుంది. రెండోది ఓటీజీకి కలిపే యూఎస్‌బీ మైక్రోస్కోపు. ఇది ఇంకా పెద్దదిగా చూపుతుంది గానీ అన్ని పాత ఫోన్లలో పనిచేయదు. కొన్నవారి దగ్గర మీ ఫోనుకే పెట్టి చూసుకోవాలి. మొదట క్లిప్పు భూతద్దంతో మొదలుపెట్టడమే మేలు.

వాడే విధానం: ఉదయం పూట చేనులో నాలుగైదు చోట్ల పూలను తెల్లకాగితం మీద దులపండి. సన్నగా, పొడవుగా, మిల్లీమీటరు అంత ఉండి చురుగ్గా పాకేవి తామర పురుగులు. ముదురు గోధుమ, నలుపు రంగులో ఎక్కువగా కనిపిస్తే కొత్త రకమని అనుమానించాలి. తర్వాత లేత ఆకు తిరగేసి అడుగు భాగం చూడండి. నల్లి కంటికి ఆనదు. భూతద్దంలో మెరిసే చుక్కల్లా కదులుతుంది. నల్లికి ఎనిమిది కాళ్లు, పురుగుకు ఆరు. అంత స్పష్టంగా చూడాలంటే మైక్రోస్కోపు కావాలి.

భూతద్దం పెట్టినప్పుడు ఫోను ఆకుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. చేయి కదలకుండా మోచేతిని మోకాలికి ఆనించండి. ఎండ నేరుగా పడకుండా మీ నీడలో తీయండి. మొత్తం మొక్కది ఒకటి, ఆకు పై భాగానిది ఒకటి, అడుగు భాగానిది ఒకటి, దగ్గరగా ఒకటి, నాలుగు ఫొటోలు కావాలి. పక్కన ఒక బియ్యపు గింజ పెడితే పురుగు సైజు తెలుస్తుంది.

ఈ ఫొటోలను రైతు వేదికలో విస్తరణాధికారికి చూపండి. వరంగల్ ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం, మహబూబాబాద్ జిల్లావారికి మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఏ ఫోను నుంచైనా మాట్లాడవచ్చు. ఫొటోలో చూసింది ముందే ఉంటే లక్షణాలు సరిగా చెప్పగలుగుతారు. ఫొటో చూసి మందుల దుకాణంలోనే నిర్ణయం తీసుకోకండి.

ఇవి కలపకండి

• పెద్ద హార్డ్ డిస్కు: ఫోను ఇచ్చే కొద్దిపాటి కరెంటు దానికి సరిపోదు. టిక్ టిక్ మని ఆగిపోతుంది.

• యూఎస్‌బీ ఫ్యాను, లైటు: పనిచేస్తాయి గానీ ఫోను బ్యాటరీని తోడేస్తాయి.

• పాము కెమెరా: సన్నని వైరు చివర కెమెరా ఉండేది. ఇంజిను లోపల, పైపు లోపల చూడటానికి పనికొస్తుంది. బోరుబావిలో దింపుదామనుకుంటే కుదరదు. వీటి వైరు కొద్ది మీటర్లే ఉంటుంది. బోరు కెమెరా వేరు, దాన్ని నడిపేవారు వేరు.

• దొరికిన పెన్‌డ్రైవ్: ఎవరిదో తెలియనిది ఫోనుకు పెట్టకండి.

బాయికాడ చార్జింగు: ప్రాణం జాగ్రత్త

మోటరు స్టార్టరు డబ్బాలోంచి తీగ లాగి చార్జరు పెట్టడం చాలాచోట్ల చూస్తుంటాం. ఇది చాలా ప్రమాదం. చార్జరుకు కావలసింది 230 వోల్టులు. స్టార్టరులో రెండు ఫేజుల మధ్య 415 వోల్టులుంటాయి. పొరపాటున రెండు ఫేజులకు తగిలిస్తే చార్జరు పేలుతుంది. న్యూట్రల్ లేదని ఎర్త్ తీగను వాడితే ఆ తీగ, డబ్బా, తడి నేల అన్నీ షాకు కొట్టే వీలుంది. చార్జింగులో ఉన్న ఫోను పట్టుకుని తడికాళ్లతో మాట్లాడటం అంతకన్నా ముప్పు.

బదులుగా పవర్ బ్యాంకు వాడండి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా, మార్పిడిలో పోగా 3,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోనును సుమారు రెండుసార్లు నింపుతుంది. ట్రాక్టరు, మోటారుసైకిల్, బ్యాటరీ స్ప్రేయరులో ఉండేది 12 వోల్టులు. ఫోనుకు మామూలుగా కావలసింది 5 వోల్టులు. మధ్యలో యూఎస్‌బీ కన్వర్టరు లేకుండా నేరుగా తీగలు కలిపితే ఫోను కాలిపోతుంది. చిన్న సోలారు పలకతో చార్జి చేస్తే పలక ఎండలో, ఫోను నీడలో ఉండాలి.

చార్జరు, పవర్ బ్యాంకు కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి.

పత్తి నుసి, ఎర్రమట్టి

పత్తి ఏరే కాలంలో జేబులోని ఫోను రంధ్రంలో నుసి దూరి గట్టిపడుతుంది. పిన్ను పూర్తిగా లోపలికి పోదు. "పిన్ను లూజైంది" అని ఫోనే మారుస్తుంటారు. ముందు ఫోను పూర్తిగా ఆపండి. ఎండిన చీపురుపుల్ల కొసను సన్నగా చెక్కి, నాలుకకు తగలకుండా అంచుల వెంట మెల్లగా తీయండి. గుండుసూది, పిన్నీసు పెట్టకండి. నోటితో ఊదితే తడి చేరుతుంది. మందు కొట్టే రోజు ఫోనును కవరులో పెట్టుకోండి.

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: ఎక్కువ ఆంపియర్ల చార్జరు పెడితే పాత ఫోను చెడిపోతుందా?
జవాబు: వోల్టులు 5 ఉంటే చెడదు. ఫోను తనకు ఎంత కావాలో అంతే తీసుకుంటుంది. మంచి కంపెనీ వేగపు చార్జర్లు కూడా ఫోను అడగనిదే వోల్టులు పెంచవు. నాసిరకం చార్జరుతోనే ముప్పు.

ప్రశ్న: మైక్రో పిన్ను వైరుకు టైప్-సి టోపీ తగిలించి వాడొచ్చా?
జవాబు: చార్జింగుకు వాడొచ్చు. పెన్‌డ్రైవ్ వంటివాటికి మాత్రం టైప్-సి ఓటీజీ విడిగా తీసుకోండి.

ప్రశ్న: వేలిముద్ర యంత్రం ఫోనుకు కలిపి ఊళ్లోనే డబ్బులిస్తున్నారు. నమ్మొచ్చా?
జవాబు: అది కూడా ఓటీజీ పద్ధతే. తెర మీద మొత్తం ఎంతో చూశాకే వేలు పెట్టండి. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే ముందుగా ఖాతాలో డబ్బు కోత పడిందో లేదో అడగండి. రసీదు తీసుకోండి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయాలి.

ప్రశ్న: పాత ఫోను అమ్మేస్తున్నాం. ఏం చేయాలి?
జవాబు: ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, చిప్పు, సిమ్ము తీసి, గూగుల్ ఖాతా తొలగించి, ఫోనును రీసెట్ చేసి ఇవ్వండి. బ్యాటరీ ఉబ్బిన ఫోనును మాత్రం చార్జింగు పెట్టకండి, ఇంట్లో దాచకండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. అటక మీది ఫోను దించి, రంధ్రం శుభ్రం చేసి, చార్జింగు ఎక్కించి, మౌస్ పెట్టి చూడండి. బాణం కదిలితే అందులోని కాగితాలు ముందుగా బయటికి తీయండి. కెమెరా బాగుంటే భూతద్దం తగిలించి చేనుకు తీసుకెళ్లండి. మందు డబ్బా కొనేముందు పురుగు మొహం చూసినవాడికి ఒక్క పిచికారీ తప్పినా, ఆ ఖర్చు మిగిలినట్లే.